పాత ఆర్‌ఎక్స్-7ను రేసుకు సిద్ధం చేయడం: రోటరీ ఇంజిన్ కారుకు పూర్తి మార్గదర్శి

పాత మాజ్డా ఆర్‌ఎక్స్-7 కొన్నవాళ్లు దాదాపు అందరూ ముందు పవర్ గురించే అడుగుతారు. పోర్టింగ్ (ఇంజిన్‌లోకి గాలి వచ్చే దారులు పెద్దవి చేయడం) చేయించాలా, పెద్ద కార్బ్యురేటర్ పెట్టాలా, హెడర్ (ఎగ్జాస్ట్ మొదటి పైపులు) ఏది మంచిది అంటారు. నేను మాత్రం పవర్ పని చివర్లో పెట్టుకోమంటాను. ఈ ఇంజిన్‌లో పుట్టే వేడి బయటికి పోయే దారి, లోపల ఆయిల్ తిరిగే దారి ముందు సరిచేయాలి. ఆ రెండూ బాగుంటే ఏ మార్పూ చేయని స్టాక్ ఇంజిన్ కూడా సీజన్ల తరబడి పరిగెడుతుంది. అవి బాగాలేకపోతే ఎంత ఖరీదైన ఇంజిన్ అయినా రెండు మూడు రేసుల్లో పాడైపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా 1978 నుంచి 1985 వరకు వచ్చిన మొదటి తరం ఆర్‌ఎక్స్-7 గురించి, ముఖ్యంగా 12ఏ ఇంజిన్ ఉన్న కార్ల గురించి. రేసుల్లో ఈ కారు సామర్థ్యం ఎప్పుడో రుజువైంది. 1979 డేటోనా 24 గంటల రేసులో చిన్న ఇంజిన్ల జీటీయూ తరగతి గెలిచింది. 1981లో టామ్ వాకిన్‌షా, పియర్ డ్యుడొనె జోడీ దీనితోనే స్పా 24 గంటల రేసులో ఏకంగా మొదటి స్థానం కొట్టింది. 1983లో అలన్ మొఫాట్ ఆస్ట్రేలియా టూరింగ్ కార్ చాంపియన్ అయింది కూడా ఆర్‌ఎక్స్-7 నడిపే. రోటరీ నిలవదని చాలామంది అంటారు, కానీ ఒక రోజంతా ఆగకుండా పరిగెత్తి గెలిచిన ఇంజిన్‌ను నిలవని ఇంజిన్ అనడం అన్యాయం. సరిగ్గా చూసుకోని చోటే అది నిలవదు.

వేడి ఎందుకింత సమస్య

రోటరీ ఇంజిన్‌లో పిస్టన్‌లు ఉండవు, వాటి బదులు మూడు ముఖాలున్న రోటర్లు హౌసింగ్ అనే తొడుగు లోపల తిరుగుతాయి. 12ఏలో రెండు రోటర్లు ఉంటాయి. రోటర్‌కు ఒక గది చొప్పున లెక్కేస్తే ఒక్కోటి 573 సీసీ, రెండూ కలిపి 1146 సీసీ. రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్ట్, అంటే ఎక్సెంట్రిక్ షాఫ్ట్, మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకూ ఒక్కో రోటర్‌లో ఒకసారి ఇంధనం మండుతుంది. పిస్టన్ ఇంజిన్‌లో ఒకే సిలిండర్‌లోకి చల్లటి గాలి వస్తుంది, అక్కడే మంట పుడుతుంది, మళ్లీ చల్లటి గాలి వస్తుంది. రోటరీలో అలా జరగదు. స్పార్క్ ప్లగ్‌లు ఉన్న వైపు హౌసింగ్ ఎప్పుడూ మంటనే చూస్తుంది, ఇన్‌టేక్ వైపు ఎప్పుడూ చల్లటి గాలినే చూస్తుంది. ఒకే హౌసింగ్‌లో ఒక పక్క కాలిపోతూ, ఇంకో పక్క చల్లగా ఉంటుంది. దానికి తోడు రోటర్ హౌసింగ్‌లు అల్యూమినియం, వాటి మధ్య ఉండే సైడ్ ప్లేట్లు పోత ఇనుము. వేడెక్కినప్పుడు రెండూ ఒకేలా వ్యాకోచించవు. వాటి మధ్య నీటిని ఆపేవి సన్నటి రబ్బరు సీళ్లే. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయితే ముందు పోయేవి అవే.

రోటర్‌ను లోపలి నుంచి చల్లబరిచేది నీళ్లు కాదు, ఆయిల్. షాఫ్ట్‌లో ఉన్న జెట్‌ల నుంచి ఆయిల్ రోటర్ లోపలికి చిమ్ముతుంది. ఇంజిన్ వేడిలో పెద్ద వాటాను మోసుకెళ్లేది ఈ ఆయిలే. అందుకే ఈ కారులో ఆయిల్ కూలర్‌కు రేడియేటర్‌తో సమానమైన ప్రాధాన్యం ఇవ్వాలి.

మొదటి మెట్టు: రూల్ బుక్, ఆ తర్వాతే కారు

ఏ తరగతిలో పరిగెత్తాలో నిర్ణయించుకోకుండా స్పానర్ పట్టుకోవద్దు. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ప్రాంతీయ రేసుల్లో కొన్నిచోట్ల ఈ కార్ల కోసమే ఐటీ7 అనే తరగతి నడుస్తుంది. అందులో ఇంజిన్ పోర్ట్‌లు ముట్టుకోకూడదు, స్టాక్ కార్బ్యురేటర్ ఉంచాలి. పై తరగతుల్లో ఇంజిన్‌కు ఎక్కువ స్వేచ్ఛ ఉంటుంది, ఖర్చూ అంతే పెరుగుతుంది. పాత కార్ల హిస్టారిక్ రేసుల్లోనైతే ఆ కాలంలో వాడిన భాగాలే ఉండాలనే నిబంధనలు ఉంటాయి. తరగతి మారితే రోల్ కేజ్ (డ్రైవర్‌ను కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) డిజైన్ నుంచి చక్రం వెడల్పు దాకా అన్నీ మారతాయి. కొత్తవాళ్లకు నా సలహా, స్టాక్ పోర్ట్ తరగతిలో మొదలుపెట్టండి. ఆ ఇంజిన్ తప్పులను ఓర్చుకుంటుంది, డ్రైవింగ్ నేర్చుకోవడానికి టైమ్ ఇస్తుంది.

కారు ఎంచుకునేటప్పుడు ఇంజిన్ కంటే బాడీ ముఖ్యం. ఇంజిన్ ఎలాగూ విప్పుతారు, తుప్పు పట్టిన షెల్‌ను మాత్రం మళ్లీ మంచి షెల్ చేయలేరు. బ్యాటరీ కింద, వెనక చక్రాల ఆర్చ్‌లు, స్టెప్నీ గుంత, సీట్ల వెనక ఉండే స్టోరేజ్ పెట్టెల అడుగు, డోర్ల కింది అంచు, స్టీరింగ్ బాక్స్ బిగించే చోట ఫ్రేమ్ రైలు, అన్నీ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. వెనక యాక్సిల్ లింక్‌లు బాడీకి తగులుకునే చోట పగుళ్లు ఉన్నాయేమో కిందికి దూరి చూడాలి.

జీఎస్ఎల్ మోడల్ దొరికితే తీసుకోండి. వెనక డిస్క్ బ్రేకులు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ దానికి కంపెనీ నుంచే వచ్చాయి. 1984, 85లో వచ్చిన జీఎస్ఎల్-ఎస్ఈలో 13బీ ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటాయి, కానీ అది చాలా తరగతుల్లో వేరే లెక్కలోకి వెళ్తుంది. చక్రాలు కొనే ముందు ఇంకో విషయం చూసుకోండి. మామూలు మోడళ్లకు చక్రం బోల్ట్‌ల వలయం 4 గుణం 110 మి.మీ., ఎస్ఈకి 4 గుణం 114.3. మొదటి కొలత అరుదు కాబట్టి మంచి తేలిక చక్రాలు దొరకడం కష్టం. కారుతో పాటు అదనపు చక్రాల సెట్ వస్తుంటే వదులుకోకండి.

కంప్రెషన్ చూడటం

మామూలు కంప్రెషన్ గేజ్ రోటర్ మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్నదాన్ని మాత్రమే చూపి ఆగిపోతుంది. మూడు ముఖాలనూ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ దొరికితే మంచిది. లేకపోతే మామూలు గేజ్‌లోని వాల్వ్ పిన్ తీసేసి, ఇంజిన్ వేడిగా ఉండగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో రోటర్‌కు స్టార్టర్ తిప్పి సూదిని చూడండి. సమానమైన మూడు ఊపులు రావాలి. ఫట్, ఫట్, ఫట్ అని ఒకే బలంతో. ఒకటే బలహీనంగా వినిపిస్తే రోటర్ పక్కన ఉండే సైడ్ సీల్ గానీ, రెండు వరసగా తగ్గితే ఆ రెండు ముఖాలకూ మధ్య, రోటర్ కొసలో ఉండే ఎపెక్స్ సీల్ గానీ పోయిందని అర్థం. నిమిషానికి 250 చుట్ల దగ్గర చదరపు సెం.మీ.కు 6 కేజీలు, అంటే 85 పీఎస్ఐ, అట్టడుగు హద్దు. రేసుకు వెళ్లే ఇంజిన్ అంతకంటే చాలా పైన, 100 దాటి ఉండాలి. ముఖాల మధ్య తేడా తక్కువగా ఉండటం మొత్తం అంకె ఎంతో అంతే ముఖ్యం.

కారును ఖాళీ చేసి, కేజ్ వేసి

కార్పెట్లు, సౌండ్ డెడెనింగ్, ఏసీ, అదనపు వైరింగ్, ఎయిర్ పంప్, ఎమిషన్ కంట్రోల్ వాక్యూమ్ పైపుల చిక్కుముడి, అన్నీ రూల్స్ ఒప్పుకున్నంతవరకు తీసేయండి. తీసే ప్రతి వైరుకూ లేబుల్ పెట్టండి. తొందరపడి కత్తిరించిన వైర్ల వల్ల రేసు రోజు కారు స్టార్ట్ కాకపోవడం చాలామందికి జరిగేదే.

రోల్ కేజ్ ఇంజిన్ కంటే ముందు. వెల్డింగ్ నిప్పురవ్వలు కొత్త ఇంజిన్ మీద పడకుండా ఉండాలన్నది ఒక కారణం. కేజ్ వేశాక షెల్ గట్టిపడి సస్పెన్షన్ కొలతలకు అర్థం వస్తుందన్నది అసలు కారణం. సీటు, ఆరు బిందువుల హార్నెస్, విండో నెట్, బయట నుంచి అందే కిల్ స్విచ్, మంటలార్పే వ్యవస్థ, తల, మెడ కాపాడే పరికరం, వీటన్నిటికీ గడువు తేదీలు ఉంటాయి. భద్రతా ప్రమాణాల సంస్థల్లో ఎస్ఎఫ్ఐ ముద్ర ఉన్న హార్నెస్‌కు 2 ఏళ్లు, ఎఫ్ఐఏ ముద్ర ఉన్నదానికి 5 ఏళ్లు. సీజన్ మొదట్లోనే ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి గ్యారేజ్ గోడకు అంటించండి.

ఇంజిన్ విప్పి కొలవడం

కొన్న ఇంజిన్ బాగా నడుస్తున్నా సరే, ఒకసారి విప్పి చూడకుండా రేసుకు తీసుకెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. దీనిలో వాల్వ్‌లు లేవు, క్యామ్ లేదు. ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే విప్పగలరు. అసలు ఇబ్బంది ఫ్లైవీల్ నట్ దగ్గరే. 54 మి.మీ. సాకెట్, పొడవాటి బార్ కావాలి, ఎందుకంటే దాన్ని బిగించేదే 40 నుంచి 50 కేజీ-మీటర్ల బలంతో.

లోపల చూడాల్సింది ఇది. రోటర్ హౌసింగ్ లోపలి క్రోమ్ పూత అంచుల్లో, స్పార్క్ ప్లగ్ రంధ్రాల చుట్టూ ఊడిపోయిందా? అంచున కొద్దిగా పొలుసు లేస్తే మామూలే, సీల్ నడిచే దారి మధ్యలో గీతలు ఉంటే ఆ హౌసింగ్ పక్కన పెట్టండి. సైడ్ ప్లేట్ల మీద సీళ్లు నడిచిన చోట మెట్టులా అరిగిందేమో డయల్ గేజ్‌తో చూడండి. 0.10 మి.మీ. దాటితే ప్లేట్‌ను మళ్లీ రుద్ది చదును చేయించాలి (ల్యాపింగ్) లేదా మార్చాలి. రోటర్ గాడిలో ఎపెక్స్ సీల్ ఎంత వదులుగా ఉందో ఫీలర్ గేజ్‌తో కొలవండి, 0.15 మి.మీ. హద్దు. కొత్త సైడ్ సీల్‌కూ రోటర్ మూలలో ఉండే కార్నర్ సీల్‌కూ మధ్య సందు 0.05 నుంచి 0.15 మి.మీ. ఉండేలా సైడ్ సీల్ చివరను ఒక్కొక్కటిగా రుద్ది సరిచేయాలి. ఈ పనిలో తొందరపడితే కంప్రెషన్ తగ్గుతుంది, తర్వాత ఎంత ట్యూన్ చేసినా తిరిగి రాదు. రోటర్ గాళ్లలో కార్బన్ ఒక్క రవ్వ కూడా మిగలకూడదు. సీల్ గాడిలో స్వేచ్ఛగా పైకి కిందికి ఆడాలి.

బిగించేటప్పుడు ఇంజిన్‌ను నిలువుగా పేర్చుతారు. ముందు ప్లేట్ కింద, దానిపై ముందు రోటర్, షాఫ్ట్, హౌసింగ్, మధ్య ప్లేట్, వెనక రోటర్, వెనక హౌసింగ్, చివరికి వెనక ప్లేట్. మధ్య ప్లేట్ దించేటప్పుడు షాఫ్ట్‌ను 25 మి.మీ. దాకా పైకెత్తి పట్టుకోవాలి, లేకపోతే ప్లేట్ దిగదు. ఆ ఒక్క పనికి ఇంకో మనిషి సాయం పిలవండి. సీళ్లు, స్ప్రింగ్‌లు జారిపోకుండా వేసలిన్ అద్దండి, గ్రీజు వద్దు. పొడవాటి టెన్షన్ బోల్ట్‌లను మాన్యువల్‌లో ఇచ్చిన నంబర్ల క్రమంలో, రెండు మూడు దఫాలుగా, 3.2 నుంచి 3.8 కేజీ-మీటర్ల వరకు బిగించాలి. ఒకేసారి చివరి టార్క్‌కు వెళ్తే ప్లేట్లు వంకరగా కూర్చుంటాయి.

ఇక ఎండ్ ప్లే. షాఫ్ట్ ముందుకూ వెనక్కూ ఎంత ఆడుతుందన్నది 0.04 నుంచి 0.07 మి.మీ. మధ్య ఉండాలి, 0.09 దాటితే లోపలి స్పేసర్ మార్చాలి. ముందు కప్పీ మధ్య బోల్ట్ ఎప్పుడు వదులు చేసినా, ఇంజిన్ కారులో ఉండగా ముందు సీల్ మార్చడానికి చేసినా సరే, లోపల ఉన్న సూది థ్రస్ట్ బేరింగ్ జారి స్పేసర్ అంచుకూ ప్లేట్‌కూ మధ్య ఇరుక్కునే ప్రమాదం ఉంది. తెలియకుండా అలాగే బిగిస్తే బేరింగ్ నలిగి, ఆ ఇనుప తునకలు ఆయిల్‌లో కలుస్తాయి. ఆ బోల్ట్ ముట్టుకున్న ప్రతిసారీ ఎండ్ ప్లే మళ్లీ కొలవండి. మినహాయింపు లేదు.

పోర్టింగ్ గురించి కొంచెం. స్ట్రీట్ పోర్ట్ అంటే ఉన్న సైడ్ పోర్ట్‌ను పెద్దది చేయడం. బ్రిడ్జ్ పోర్ట్ అంటే దాని పైన ఇంకో సన్నటి దారి తెరిచి, మధ్యలో ఒక చిన్న ఇనుప వంతెన మిగల్చడం. పెరిఫెరల్ పోర్ట్‌లో గాలి నేరుగా రోటర్ హౌసింగ్ చుట్టుకొలత నుంచే లోపలికి వస్తుంది. స్ట్రీట్ నుంచి పెరిఫెరల్ వైపు వెళ్లే కొద్దీ పై ఆర్‌పీఎంలో బలం పెరుగుతుంది, ఐడిల్ గరుకవుతుంది, ఇంధనం తాగడం పెరుగుతుంది, శబ్దం భరించలేనంత అవుతుంది. బ్రిడ్జ్ పోర్ట్‌లో ఆ వంతెన దగ్గర కార్నర్ సీల్‌కు ఆధారం తగ్గుతుంది కాబట్టి అది వేగంగా అరుగుతుంది. 12ఏ స్టాక్ రెడ్‌లైన్ 7,000. దాన్ని 8,500 దాటించాలనుకుంటే రోటర్ పక్కల క్లియరెన్స్, రోటర్ తిరుగుడును అదుపులో ఉంచే, తాము కదలని స్టేషనరీ గేర్లు గట్టివి, బేరింగ్‌లు, బ్యాలెన్సింగ్, అన్నీ ఒకేసారి చేయించాలి. ఒకటి చేసి మిగతావి వదిలేస్తే రోటర్ ప్లేట్‌కు తగులుతుంది.

ఆయిల్, నీళ్లు: అసలు పని ఇక్కడే

అమెరికాలో అమ్మిన 1983-85 12ఏ కార్లలో ఆయిల్ కూలర్ అంటే ఫిల్టర్ కింద ఉండే చిన్న తేనెపట్టు లాంటి డబ్బా, నీటితో ఆయిల్‌ను చల్లబరిచేది. రేసుకు అది పనికిరాదు. అంతకు ముందు కార్లలో ముందు భాగంలో గాలి తగిలే అసలైన కూలర్ ఉండేది. దాన్ని గానీ, అంతకంటే పెద్దదాన్ని గానీ పెట్టండి. లైన్ల లోపలి దారి వెడల్పుగా ఉండాలి, మెలికలు తక్కువ ఉండాలి. కూలర్ ముందు గాలి లోపలికి రావడానికీ, వెనక నుంచి బయటికి పోవడానికీ దారి ఉందా చూడండి. చాలా కార్లలో గాలి లోపలికి వస్తుంది, పోవడానికే దారి ఉండదు.

షాఫ్ట్ ముందు చివర ఒక థర్మో పెల్లెట్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రోటర్లకు వెళ్లే ఆయిల్‌ను అది తగ్గిస్తుంది. పాతబడి ఆ స్థితిలోనే ఇరుక్కుంటే రోటర్లకు సరిపడా ఆయిల్ అందదు, పైకి ఏమీ కనిపించదు. రేసు ఇంజిన్‌లో దాని బదులు ఘనమైన లోహపు ముక్క పెట్టేస్తారు. ఖర్చు దాదాపు లేదు, మేలు పెద్దది.

ఆయిల్ ప్రెషర్ స్టాక్‌గా 3,000 ఆర్‌పీఎం దగ్గర 70 పీఎస్ఐ చుట్టూ ఉంటుంది. రేసులో రెగ్యులేటర్ సరిచేసి దాన్ని 80 నుంచి 100 మధ్యకు తెస్తారు. ఆయిల్ నిలిచే అడుగు తొట్టి, అంటే సంప్, వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి పొడవాటి వేగమైన మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది. ఆయిల్ అలా పక్కకు పోకుండా ఆపే బాఫిల్ ప్లేట్ తప్పనిసరి. డాష్‌బోర్డ్ మీద గేజ్‌తో పాటు ప్రెషర్ పడితే వెలిగే పెద్ద ఎర్ర లైటు పెట్టండి. రేసులో కళ్లు గేజ్‌కు వెళ్లవు, లైటుకు వెళ్తాయి. ఆయిల్ వేడి 110 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. 100 లోపు ఉంటే నాకు నిశ్చింత.

ఎపెక్స్ సీళ్లను తడిపే ఆయిల్ వేరే కథ. కంపెనీ కారులో ఒక మీటరింగ్ పంప్ సంప్‌లోని ఆయిల్‌నే కొద్దికొద్దిగా కార్బ్యురేటర్‌లోకి పంపి, మంటలో కలిపి కాల్చేస్తుంది. మాటిమాటికీ ఆయిల్ తగ్గిపోతోందని కంగారుపడే రోటరీ కొత్త యజమానులకు కారణం ఇదే. రేసు కార్లలో ఆ పంప్ తీసేసి పెట్రోల్‌లోనే మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. లీటరుకు 8 నుంచి 10 మి.లీ. సరిపోతుంది. ఈ పద్ధతిలో సీళ్లకు శుభ్రమైన ఆయిల్ అందుతుంది, సంప్ ఆయిల్‌ను కేవలం బేరింగ్‌ల కోసం, చల్లబరచడం కోసం ఎంచుకోవచ్చు. అయితే ఒక ప్రమాదం ఉంది. పంప్ తీసేసి, ఒక్క క్యాన్‌లో ఆయిల్ కలపడం మరిచిపోతే సీళ్లు పొడిబారిన హౌసింగ్ మీద రాసుకుంటాయి. ఆయిల్ కలిపిన క్యాన్‌కు రంగు టేప్ చుట్టండి, టేప్ లేని క్యాన్ కారు దగ్గరికే రాకూడదు.

నీటి వైపు, థర్మోస్టాట్ తీసేస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. ఈ ఇంజిన్‌లో థర్మోస్టాట్ తెరుచుకుంటున్నప్పుడు దాని అడుగు భాగం ఒక బైపాస్ రంధ్రాన్ని మూస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే ఆ రంధ్రం తెరిచే ఉండి, వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండా మళ్లీ ఇంజిన్‌లోకే తిరుగుతాయి. తీసేస్తే ఆ రంధ్రాన్ని ప్లగ్ వేసి మూయాల్సిందే. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ అల్యూమినియం రేకుతో, ఫోమ్‌తో మూసేయండి. ముక్కు నుంచి వచ్చిన గాలికి రేడియేటర్‌లోంచి తప్ప ఇంకో దారి ఉండకూడదు. పై ఆర్‌పీఎంలో వాటర్ పంప్ మరీ వేగంగా తిరిగి బుడగలు పుట్టిస్తుంది, బెల్ట్ ఎగిరిపోతుంది కూడా. పంప్‌ను నెమ్మదిగా తిప్పే రేసు కప్పీలు రెండింటికీ మందు. ట్రాక్ మీద చిందితే జారుడు అవుతుంది కాబట్టి చాలా క్లబ్‌లు కూలంట్ వాడనివ్వవు. అప్పుడు నీటిలో తుప్పు పట్టనివ్వని ద్రవం కలపాలి. ఇనుము, అల్యూమినియం పక్కపక్కనే ఉన్న ఇంజిన్‌లో ఉత్త నీళ్లు పోయడం మంచిది కాదు. నీటి వేడి 90 డిగ్రీల దగ్గర ఉంటే బాగు, 100 దాటితే రేసు ఏదైనా సరే పిట్‌లోకి వచ్చేయండి.

ఇంధనం, ఇగ్నిషన్, ఎగ్జాస్ట్

స్టాక్ తరగతుల్లో నిక్కీ నాలుగు బారెళ్ల కార్బ్యురేటరే వాడాలి. దాన్ని శుభ్రంగా విప్పి, ఫ్లోట్ ఎత్తు సరిచేసి, జెట్‌లు కొద్దిగా పెంచితే చాలా బాగా పనిచేస్తుంది. స్వేచ్ఛ ఉన్న తరగతుల్లో వెబర్ 48 ఐడీఏ, డెల్లోర్టో లాంటివి వాడతారు. వెబర్‌కు ఫ్యూయల్ ప్రెషర్ 3 నుంచి 3.5 పీఎస్ఐ చాలు. ఎక్కువైతే ఫ్లోట్ నీడిల్ ఆగక ఇంజిన్ తడిసిపోతుంది. పూర్తి లోడ్‌లో గాలి, ఇంధన నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉంచండి. ఈ ఇంజిన్‌లో లీన్‌గా, అంటే ఇంధనం తక్కువగా, నడపడం అంటే ఎపెక్స్ సీల్‌ను పణంగా పెట్టడమే. ఒక్కసారి బలంగా డిటోనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) వస్తే సీల్ విరుగుతుంది, విరిగిన ముక్క ఎగ్జాస్ట్‌లోకి పోయే ముందు హౌసింగ్‌ను గీసేస్తుంది.

ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్‌లు. కిందిది లీడింగ్, పైది ట్రెయిలింగ్. పని చాలావరకు లీడింగ్‌దే. ట్రెయిలింగ్ కొద్దిగా ఆలస్యంగా కాలి మిగిలిన ఇంధనాన్ని మండిస్తుంది. లీడింగ్ పోతే కారు లాగడం మానేస్తుంది, డ్రైవర్‌కు వెంటనే తెలుస్తుంది. ట్రెయిలింగ్ పోతే పవర్ కొంచెమే తగ్గి, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, చాలామంది గుర్తించరు. రేసు కారులో టైమింగ్‌ను లీడింగ్‌కు 20 డిగ్రీల చుట్టూ లాక్ చేసి మొదలుపెట్టండి. ట్రెయిలింగ్ దానికంటే ముందు కాలకూడదు. ప్లగ్ వైర్లు తారుమారు కాకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు టేప్ వేయండి. ముందు రోటర్ ట్రెయిలింగ్ వైరు వెనక రోటర్‌కు పడితే ఇంజిన్‌కే ముప్పు. రోడ్డు మీద వాడే ప్లగ్‌లు రేసుకు మరీ వేడివి. ఎన్‌జీకే ప్లగ్‌ల్లో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్ చల్లనిది అని గుర్తుపెట్టుకుని 9 నుంచి పైకి చూసుకోండి.

రోటరీ ఎగ్జాస్ట్ వేడి పిస్టన్ కారుకు అలవాటుపడ్డవాళ్ల ఊహకు అందదు. పూర్తి లోడ్‌లో 900 డిగ్రీల దగ్గర నడుస్తుంది. సైలెన్సర్ లోపలి పీచు మొదటి రేసుల్లోనే కాలిపోతుంది, కాబట్టి మందపాటి స్టీల్‌తో, రోటరీ కోసం చేసినది మాత్రమే కొనండి. ఎస్‌సీసీఏ ట్రాక్‌ల్లో 50 అడుగుల దూరంలో 103 డెసిబెల్స్ హద్దు. ఈ కారు దాన్ని సులువుగా దాటేస్తుంది. ఎగ్జాస్ట్ పైపుకూ ఫ్లోర్‌కూ మధ్య హీట్ షీల్డ్ పెట్టండి. బ్రేక్, ఫ్యూయల్ పైపులు ఎగ్జాస్ట్ పక్క నుంచి పోతుంటే దారి మార్చండి. ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ రెండు రోటర్లకూ విడివిడిగా ఉంటే ఏ రోటర్‌లో తేడా వచ్చిందో పది నిమిషాల్లో తేలిపోతుంది.

సస్పెన్షన్, బ్రేకులు

ఈ కారు బరువు ముందు, వెనక దాదాపు సమానంగా పంచుకుంటుంది. మలుపులో చక్కగా తిరుగుతుంది. కానీ వెనక యాక్సిల్‌లో ఒక లోపం ఉంది. వెనక రెండు చక్రాలనూ కలిపే లైవ్ యాక్సిల్, దాన్ని పట్టే నాలుగు లింక్‌లు, పక్కకు జరగకుండా ఆపే వాట్స్ లింకేజ్. పై లింక్‌లు పొట్టివి, కింది వాటితో కలిసి ఒకే చాపంలో తిరగవు. కారు బాగా ఒరిగినప్పుడు అవి బిగుసుకుంటాయి, వెనక పట్టు ఉన్నట్టుండి తప్పుతుంది. హెచ్చరిక లేకుండా వెనక భాగం తిరగడానికి కారణం చాలాసార్లు ఇదే, డ్రైవర్ కాదు. రూల్స్ ఒప్పుకుంటే పై లింక్‌లు తీసేసి మధ్యలో ఒకే లింక్ పెట్టే ట్రై-లింక్ వేయండి. ఒప్పుకోకపోతే వెనక స్ప్రింగ్‌లు ముందువాటి కంటే బాగా మెత్తగా ఉంచి, ముందు గట్టి స్ప్రింగ్‌లు, మందపాటి యాంటీరోల్ బార్‌తో ఒరగడం తగ్గించండి.

ముందు చక్రాల వాలు (క్యాంబర్)ను క్యాంబర్ ప్లేట్లతో నెగెటివ్ 3 డిగ్రీల దాకా తీసుకోవచ్చు. టైరు వేడిని లోపల, మధ్య, బయట కొలిచి సరిచూసుకోండి. స్టీరింగ్ ర్యాక్ కాదు, పాత తరహా బాక్స్. ఐడ్లర్ ఆర్మ్ అరిగిపోయి ఉంటే ఎంత అలైన్‌మెంట్ చేసినా నిలవదు, ముందు అది మార్చండి.

బ్రేకులు చిన్నవి, కారు తేలిక కాబట్టి సరిపోతాయి. రేసు ప్యాడ్‌లు, మరుగు బిందువు ఎక్కువున్న ఫ్లూయిడ్, ముందు డిస్క్‌లకు గాలి గొట్టాలు. ఈ మూడూ ఉంటే చాలు. చక్రం స్టడ్‌లు పొడవైనవి వేయించండి. పాత స్టడ్‌లు విరగడం చూసినవాళ్లెవరూ దీన్ని వాయిదా వేయరు.

ఫ్లైవీల్ తేలికది వేస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కారులో వచ్చే వెనక కౌంటర్‌వెయిట్ కూడా కావాలి, ఎందుకంటే స్టాక్ మాన్యువల్ ఫ్లైవీల్‌లోనే ఆ బరువు కలిసి ఉంటుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి స్టాక్‌గా 3.909. చిన్న ట్రాక్‌లకు ఇంకా పొట్టి గేరింగ్ బాగుంటుంది.

రేసు రోజు

చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, పది అడుగులు కదిపి ఆపేయడం రోటరీకి మంచిది కాదు. లోపల పెట్రోల్ మిగిలి సీళ్ల మీది ఆయిల్ కడుక్కుపోతుంది, కంప్రెషన్ దొరక్క మళ్లీ స్టార్ట్ కాదు. స్టార్ట్ చేస్తే పూర్తిగా వేడెక్కనివ్వండి, లేదా కారును తోసి కదపండి. ఇలా పెట్రోల్‌తో తడిసిపోతే (ఫ్లడ్ అయితే) ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ప్లగ్‌లు తీసి, స్టార్టర్ తిప్పి లోపలి పెట్రోల్ బయటికి పంపాలి. తర్వాత ప్లగ్ రంధ్రాల్లో కొద్దిగా ఆయిల్ వేసి, ఎండిన ప్లగ్‌లు పెట్టి ప్రయత్నించండి.

ఆయిల్ 60 డిగ్రీలు దాటేదాకా ఆర్‌పీఎం పెంచవద్దు. రేసు మధ్యలో ఆయిల్ లైటు ఒక్కసారి మినుక్కుమన్నా, అది ఏ మలుపులో వచ్చిందో గుర్తుపెట్టుకోండి. ఆ సమాచారం సంప్ బాఫిల్ సరిపోతుందో లేదో చెప్తుంది. వాల్వ్‌లు లేవు కదా అని డౌన్‌షిఫ్ట్‌లో ఇంజిన్‌ను అతిగా తిప్పొద్దు, స్టేషనరీ గేర్ల పళ్ల మీద పడే దెబ్బ కనిపించదు, కానీ పడుతుంది. జెండా పడ్డాక ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి, గాలి తగిలేలా ఇంజిన్‌ను చల్లబరిచి, అప్పుడు ఆపండి.

రేసుకూ రేసుకూ మధ్య

ప్రతి రేసు వారాంతం తర్వాత ఆయిల్ మార్చండి, ఫిల్టర్ కోసి మడతలు తెరిచి వెలుతురులో చూడండి. మెరిసే బూడిద రంగు పొడి కొద్దిగా ఉంటే పర్లేదు, రాగి రంగు రేణువులు కనిపిస్తే బేరింగ్ మొదలైందని. బ్రేక్ ఫ్లూయిడ్ బ్లీడ్ చేయండి, టెన్షన్ ఉన్న ప్రతి బెల్ట్, ఎగ్జాస్ట్ బోల్ట్‌లు, వాట్స్ లింక్ బుష్‌లు, చక్రం స్టడ్‌లు చూడండి. కంప్రెషన్ అంకెలు ప్రతిసారీ ఒకే పుస్తకంలో, తేదీతో రాయండి. ఒకసారి తీసిన అంకె పెద్దగా ఏమీ చెప్పదు. వరసగా పడిపోతున్న అంకెలు చూస్తే ఇంజిన్ ఎప్పుడు విప్పాలో ముందే తెలుస్తుంది.

నీటి సీళ్లు పోవడం మొదలైతే సంకేతాలు స్పష్టంగా ఉంటాయి. స్టార్ట్ చేయగానే తీపి వాసనతో తెల్లటి పొగ, లేదా ఉత్త నీళ్లు వాడుతుంటే వాసన లేని ఆవిరి, ఇంజిన్ నడుస్తుండగా రేడియేటర్ మూత దగ్గర ఆగని బుడగలు, రాత్రి ఆపిన కారులో పొద్దున తీసిన ప్లగ్ మీద నీటి తడి. ఏదో ఒకటి కనిపించినా సీలర్ ద్రవాలు పోసి ఇంకో రేసు లాగాలని చూడకండి. లోపలికి కారిన నీళ్లు సైడ్ ప్లేట్ల మీద, రోటర్ గాళ్లలో తుప్పు పట్టిస్తాయి. ఆ దశలో విప్పితే రబ్బరు సీళ్ల ఖర్చుతో పోతుంది. ఒక సీజన్ ఆలస్యం చేస్తే ప్లేట్లు, సీళ్లు, కొన్నిసార్లు రోటర్లు కూడా మార్చాల్సి వస్తుంది.

సీజన్ అయ్యాక కారును నెలల తరబడి ఊరికే ఉంచాల్సి వస్తే, నీళ్లు గడ్డకట్టే చలి ఉన్నచోట పూర్తిగా దించేయండి. ఫ్లోట్ బౌల్‌లో ఆయిల్ కలిసిన పెట్రోల్ ఉంచితే జిగురుగా మారుతుంది కాబట్టి దాన్నీ ఖాళీ చేయండి. ప్లగ్ రంధ్రాల నుంచి కొద్దిగా ఆయిల్ వేసి, ముందు కప్పీ బోల్ట్ పట్టుకుని ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎప్పుడూ అది తిరిగే దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే ఆ బోల్టే వదులై, పైన చెప్పిన థ్రస్ట్ బేరింగ్ జారే అవకాశం ఉంది.